ఏనుగుల అడవిలో తల ఊపిన జాబర్

భివండీ పక్కన అంజూర్ ఫాటాలో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు గోడ మీది ఫోటో దగ్గర ఆగుతారు. తెల్లటి వ్యాను. దాని పైకప్పు తెరిచి ఉంటుంది. అందులోంచి ఇద్దరు ఆడపిల్లలు తలలు బయటపెట్టి నవ్వుతుంటారు. దూరంగా చెట్ల మీదుగా జిరాఫీ మెడ కనపడుతుంది. తాతా, నిజంగా ఆఫ్రికా పోయినవా, సింహాన్ని చూసినవా అని అడుగుతారు. సింహం దొరకలేదు, జిరాఫీని చూశాను, చారల గుర్రాలను చూశాను అని చెప్పి చాయ్ తాగించి పంపిస్తాను. ఇన్నేళ్లూ అంతే చెప్పాను. ఆ ఫోటో తీసిన గంటకు ఏం జరిగిందో చెప్పలేదు. మరమగ్గాల షెడ్డుల్లో కొత్తగా పనిలో చేరుతున్న పిల్లలు, జాబర్ కావాలని ఉబలాటపడుతున్న పిల్లలు ఇది చదువుతారని తెలిసి ఇప్పుడు రాస్తున్నాను. నా గొప్పలు వినాలనుకుంటే ఇక్కడే ఆపేయండి, అవి ఇందులో లేవు.

గైబీ నగర్‌లో ఒకే షెడ్డులో ఇరవై రెండేళ్లు జాబర్‌గా చేశాను. సాంచా మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చేవాడు జాబర్. సాంచా అంటే మరమగ్గం. మా సేటు మా జిల్లావాడే. కింద షెడ్డు, పైన వాళ్ల ఇల్లు. జాబర్‌కు చేతుల కంటే చెవులు ముఖ్యం. నలభై ఎనిమిది సాంచాలు ఒక్కసారి మోగుతుంటే ఏ మూల ఏ నట్టు వదులైందో నిలబడ్డచోటి నుంచే పట్టాలి. వయసులో ఉన్నప్పుడు నేను పట్టేవాణ్ణి. దానికే నాకు పేరొచ్చింది.

నలభై దాటాక ఆ చెవులు పోవడం మొదలైంది. ఒక్కసారిగా పోతే ఎవరికైనా తెలిసేది. అట్లా పోలేదు. చప్పుడు వినపడేది, అందులో మాట విడిపడేది కాదు. ఎవరైనా వెనక నుంచి మాట్లాడితే ఏదో గుసగుసగా తోచేది. గుసగుసగా మాట్లాడితే అసలేమీ తోచేది కాదు. చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసేవాణ్ణి చూసి మేమంతా నవ్వేవాళ్లం. పత్తితోనే బతుకుతూ పత్తిని చూసి నవ్వినవాళ్లం, మా తెలివి అంతటిది.

దాచడం కష్టం కాలేదు. సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎక్కడ కొట్టుకుంటోందో వణుకులో తెలిసిపోయేది. చూసినవాళ్లు అదేదో పెద్ద విద్య అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఇక మనుషుల సంగతి. షెడ్డులో ఎవడి మాటా ఎవడికీ వినపడదు కదా. పెదవులు చూస్తాం, చేతులు చూస్తాం, తల ఊపుతాం. అర్థం కాకపోయినా ఊపుతాం. అది మా మర్యాద. తప్పు ఊపితే అవతలివాడే వచ్చి చెయ్యి పట్టి సాంచా దగ్గరికి లాక్కుపోతాడు, నష్టమేమీ ఉండదు. గంగిరెద్దులా అన్నిటికీ తల ఊపడం అట్లా నాకు అలవాటైంది. ఆ అలవాటు షెడ్డు గడప దాటి ఇంటికీ బజారుకూ నాతో వచ్చిందని నేను గమనించుకోలేదు.

మా షెడ్డులో ఇంకో సైగ ఉండేది. అది కూడా మీకు తెలియాలి. సాంచాలో అటూ ఇటూ ఉరికే నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. తప్పిపోయి బయటికి ఎగిరిందంటే మనిషి కన్ను పోతుంది. అందుకని నేను పిడికిలి పైకెత్తితే ఎక్కడున్నవాడు అక్కడే కదలకుండా నిలబడాలి. సేటు మనుమరాలు అన్నం తింటూ తింటూ మెట్లు దిగి షెడ్డులోకి ఉరికివచ్చే రకం. దానికి నాలుగేళ్లప్పుడే ఈ సైగ నేర్పాను. పిడికిలి ఎత్తగానే బొమ్మలా నిలబడితే ఒక పిప్పరమెంటు బిళ్ల. కదిలితే లేదు. ఆ పిల్ల నన్ను మామా అని పిలిచేది, అరచెయ్యి చాపి మరీ తీసుకునేది.

తొంభైల చివర్లో సేటు ఆ పాత సాంచాలన్నీ ఊడదీసి ఓడకెక్కించి కెన్యాలో ఒక మిల్లుకు అమ్మాడు. మిల్లు మాలిక్, అంటే యజమాని, గుజరాతీ, మూడు తరాలుగా అక్కడే ఉన్నవాడు. సాంచాలతోపాటు వాటిని నడిపించే జాబర్‌ను కూడా రెండేళ్లకు పంపుతానని సేటు మాటిచ్చాడు. ఆ జాబర్ నేనే. క్వార్టర్ ఇచ్చారు. కొన్ని నెలలకు నా భార్య, పదకొండేళ్ల నా బిడ్డ వచ్చారు. గైబీ నగర్‌లో పుట్టిన పిల్ల సాంచాల మోత లేక మొదటి వారమంతా నిద్రపోలేదు.

మరుసటి ఎండాకాలం సెలవులకు సేటు మనుమరాలిని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. అప్పుడు దానికి ఆరేళ్లు. ఏనుగులు చూపిస్తానని పిల్లకు మాటిచ్చి తెచ్చాడు. తీరా ఆ ఆదివారం పొద్దున ఆయనకు జ్వరం. పిల్ల ఏడుపు ఆపదు. మాలిక్ వ్యాను ఇచ్చాడు, డ్రైవర్‌ను ఇచ్చాడు. సేటు మంచం మీది నుంచి నా చెయ్యి పట్టుకుని, పిల్ల నీ జిమ్మ, పూచీ నీదే అన్నాడు. నా భార్య ఆయనకు గంజి కాచి ఇవ్వడానికి ఉండిపోయింది. నేను, నా బిడ్డ, ఆ చిన్నపిల్ల, డ్రైవర్, అంతే వెళ్లాం.

డ్రైవర్ గురించి చెప్పాలి. యాభై ఏళ్లుంటాయి, పొడుగు మనిషి. చిన్నప్పటి నుంచి గుజరాతీల ఇళ్లలో పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. మెల్లగా మాట్లాడతాడు. అడవిలో అయితే ఇంకా మెల్లగా. అక్కడ గొంతు పెంచితే జంతువు పోతుంది, లేదా మీదికి వస్తుంది. ముందు సీటులో కూర్చుని, తల కూడా తిప్పకుండా, అద్దంలోకి చూస్తూ చెప్పేవాడు. ఆయన వీపు తప్ప నాకేమీ కనపడేది కాదు. ఆయన ఏదన్నప్పుడల్లా అద్దంలో నా వైపు చూసేవాడు, నేను తల ఊపేవాణ్ణి.

మొదటి రెండు గంటలు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. గడ్డి ఆకాశం దాకా పరుచుకుని ఉంది. పైకప్పు తెరిచి పిల్లలిద్దరూ సీట్లెక్కి నిలబడ్డారు. చారల గుర్రాలను చూసి చిన్నది, వీటికి రంగు ఎవరు వేశారని అడిగిందట. నా బిడ్డ నా ముందుకు వచ్చి నిలబడి ఆ మాట నాకు చెప్పి నవ్వింది. జిరాఫీ కనపడ్డప్పుడు ఫోటో తీశాను. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో అది ఒకటి. అందుకే ఆ ఫోటో తీసేయలేకపోయాను.

మధ్యాహ్నానికి ముందు ఎండిన వాగు ఒడ్డున, పొదల పక్కన డ్రైవర్ బండి ఆపి ఇంజన్ కట్టేశాడు. నేను సీటెక్కి పైకప్పులోంచి నిలబడి ఉన్నాను. వాగులో దూరంగా జింకలు. డ్రైవర్ ఏదో అన్నాడు. అద్దంలో నా వైపు చూశాడు. తల ఊపాను. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. మళ్లీ ఊపాను. ఇంజన్ కాసేపు చల్లారనిద్దాం అంటున్నాడనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు. తరువాత చిన్నది నా పంచె అంచు పట్టి లాగి, నోరు పైకెత్తి ఏదో అడిగింది. నా కళ్లు జింకల మీద ఉన్నాయి. దానికీ తల ఊపాను.

ఇంజన్ ఆగి ఉంది. కానీ పైకప్పు రేకు మీద ఆనించిన నా అరచేతి కింద సన్నగా వణుకు. సాంచా చట్రం మీద చెయ్యి పెట్టి ఇరవై రెండేళ్లు బతికినవాణ్ణి, ఆగిన యంత్రం వణకదని నాకు తెలుసు. ఏమిటా అని వెనక్కి తిరిగాను. పొదల అవతల నుంచి ఆడ ఏనుగు వస్తోంది, దాని కాళ్ల సందున పిల్ల ఏనుగు. ఆ రేకు వణికింది దాని గొంతులోని గురగురకు. డ్రైవర్ రెండుసార్లు చెప్పింది ఇదే, పిల్ల ఏనుగు వెంట తల్లి ఉంది, కదలొద్దు, తలుపు తీయొద్దు అని. డ్రైవర్ పొదల వైపే చూస్తున్నాడు, ఆయన వెనక బండి పక్కతలుపు తీసి ఉంది. సేటు మనుమరాలు ఇరవై అడుగుల దూరంలో, బట్టలు సర్దుకుంటూ, ఏనుగుకు మాకు మధ్య నిలబడి ఉంది.

చిన్నది నన్ను అడిగింది, మూత్రానికి దిగాల్నా అని. నేను తల ఊపాను.

ఏనుగు చెవులు విప్పింది. నాలుగు అడుగులు ముందుకు దూసుకొచ్చింది. పిల్ల దాన్ని చూసి, పరుగెత్తబోతూ నా వైపు చూసింది. అరిస్తే నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకే తెలియదు. పిడికిలి పైకెత్తాను. పిల్ల అక్కడే నిలబడిపోయింది. ఒక కాలు లేచి ఉంది, దాన్ని కూడా దించలేదు. ఏనుగు దుమ్ము లేపి ఆగింది. తొండం ఎత్తి గాలి పీల్చింది. ఎంతసేపో నాకు తెలియదు. పిడికిలి దిగకుండా రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాను. చివరికి ఏనుగు పక్కకు తిరిగి, తన పిల్లను తోసుకుంటూ వాగులోకి దిగిపోయింది. డ్రైవర్ చప్పుడు కాకుండా దిగి, మెల్లగా నడిచి వెళ్లి, చిన్నదాన్ని ఎత్తుకొచ్చాడు. ఆయన చొక్కా అంతా చెమట. నా ఒళ్లో కూర్చోబెట్టగానే చిన్నది నా ముఖం వైపు చూసి అరచెయ్యి చాపింది. నా జేబులో పిప్పరమెంటు బిళ్ల లేదు.

ఇంటికొచ్చాక అందరూ మాట్లాడారు. పిడికిలి ఎత్తి పిల్లను కాపాడాడని సేటు నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేను వద్దనలేదు. చిన్నది మధ్యలో, మామనే దిగమన్నడు తాతా అంది. అబద్ధం చెప్తావా అని సేటు దాన్ని చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బ నాకు వినపడలేదు, చూశాను. ముఖం ఇంత ఎర్రగా అయింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాను. నా బిడ్డ నా వైపు చూస్తోంది. నేను దాని వైపు చూడలేదు.

మరునాడు పొద్దున మాలిక్ ఆఫీసు గదిలో విచారణ. డ్రైవర్ మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుని, రెండుసార్లు చెప్పాను, ఈ జాబర్ మాస్టర్ రెండుసార్లు తల ఊపారు అన్నాడట. తరువాత తెలిసింది. మాలిక్ నా ఎదురుగా నిలబడి, మిల్లు మాలిక్‌లకుండే గొంతుతో, ఇతను నీకేమీ చెప్పలేదు, అవునా అన్నాడు. ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినపడింది. పెదవులు కూడా కనపడ్డాయి. చెవులు పోయాయని తెలిస్తే ఆ రోజే నన్ను ఇంటికి పంపిస్తారని, బతికున్నంతకాలం ఏ షెడ్డూ నన్ను జాబర్‌గా పెట్టుకోదని నాకు తెలుసు. తల ఊపాను. డ్రైవర్ వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అడవిలో తల ఊపింది పొరపాటు. గదిలో ఊపింది పాపం. అంతే తేడా, రెండూ చేసింది ఒకే మెడ.

సాయంత్రం పని నుంచి వచ్చేసరికి నా బిడ్డ గుమ్మంలో కూర్చుని ఉంది. డ్రైవర్ పని పోయిన విషయమంతా నా భార్య దానికి చెప్పినట్టుంది. లేచి, ఎప్పటిలాగే వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బాపు, డ్రైవర్ రెండుసార్లు చెప్పిండు. నేను విన్న. చిన్నది అడిగింది, గది గూడ విన్న. నువ్వు దిగనియ్యవనుకున్న. నీకు వినపడదన్న సంగతి ఆ జింకలను సూస్కుంట మర్చిపోయిన."

నాకు వినపడదని నీకెవరు చెప్పారు అని అడిగాను.

"ఎవరు చెప్పుడేంది? నాకు తెల్సు, అమ్మకు తెల్సు. అందుకే కదా మేం ఎప్పుడూ నీ ముందట్కి వచ్చి మాట్లాడ్తం."

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఎన్నేళ్లుగా ఆ ఇద్దరూ నా చుట్టూ తిరిగి, ముందుకొచ్చి, పెదవులు కనపడేలా నిలబడుతున్నారో అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. వంటింట్లోంచి కేకేయకుండా నడిచి వచ్చి అన్నానికి పిలిచే భార్య. చీకట్లో మాట్లాడాల్సివస్తే దీపం వేసే బిడ్డ. అదంతా ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ నా పరువు కాపాడటానికి పదకొండేళ్ల పిల్ల అంత పనిచేస్తుంటే, నేను ఆ పరువు కోసం ఇంకొకడి అన్నం తీసేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా బిడ్డ నా గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. ఇంకో మాట చెప్పాలంటే నేను చూడాలి కదా.

"చిన్నది అబద్ధం చెప్పలేదని ఎవరన్న చెప్పాలె బాపు. గా పిల్ల నిన్నటి సంది మాట్లాడ్తలేదు."

మర్నాడు ముందు సేటు దగ్గరికి వెళ్లాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన లేచి వెళ్లి గది తలుపు మూశాడు. నా వైపు తిరిగినప్పుడు కోపం లేదు, భయం ఉంది. నాకు వినపడాలని ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నాకు చెప్పినవ్, నాతోనే ఉండనీ. నేను పంపిన జాబర్ చెవిటోడంటే ఈడ నా మాట పోతది. డ్రైవర్‌కు ఇంకో బండి దొర్కుతది. నీకు ఇంకో సాంచ ఎవడిస్తడు?"

అది నిజమే. ఈసారి మాత్రం అవుననీ కాదనీ తల కదపకుండా బయటికి వచ్చాను. చిన్నది మెట్ల మీద కూర్చుని ఉంది. దాని ముందు గొంతుకూర్చుని, నువ్వు అడిగినవ్, నేనే సరే అన్న, తప్పు నాది అని చెప్పాను. అది నమ్మినట్టు కనపడలేదు. పెద్దవాళ్ల మీద నమ్మకం ఒక దెబ్బతో పోతుంది, ఒక మాటతో తిరిగిరాదు.

నా బిడ్డను తోడు తీసుకుని డ్రైవర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మార్కెట్ వెనక రేకుల ఇళ్లలో ఒకటి. ఆయన బయట కూర్చుని చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు. లేచి నాకు పీట వేశాడు. ఆ పీట మీద కూర్చోవడం నాకు మిల్లును మోసినంత కష్టమైంది. నా చెవుల గురించి చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టి విన్నాడు. తరువాత నా ఎదురుగా జరిగి, నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడిగాడు. అర్థం కాలేదు. తల ఊపబోయి ఆగాను. నా బిడ్డ వైపు తిరిగి, ఏమన్నడు అన్నాను. చెవులు పోవడం మొదలయ్యాక ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"వినపడకపోతే తల ఎందుకు ఊపిండు అంటున్నడు," అంది నా బిడ్డ.

మా దగ్గర అది మర్యాద అని చెప్పాను. చెప్తుంటేనే ఎంత పేలవంగా ఉందో తెలిసింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. చొక్కా మార్చుకుని వచ్చి, పదండి అన్నట్టు చెయ్యి చూపించాడు. ముగ్గురం మిల్లుకు నడిచాం.

తరువాత ఏమైందో ముందే చెప్పేస్తాను. డ్రైవర్‌కు తాళాలు తిరిగి ఇచ్చారు. నన్ను నెల తిరగకుండా ఓడరేవు ఊరికి, అక్కడి నుంచి ఇంటికి పంపించారు. భివండీలో ఏ సేటూ నన్ను మళ్లీ జాబర్‌గా పెట్టుకోలేదు. మా సేటు కూడా పెట్టుకోలేదు, ఆయన్ను తప్పుపట్టను. కాల్హేర్‌లో ఒక గోదాము గేటు దగ్గర పదేళ్లు పనిచేసి మానేశాను. లారీవాళ్లు నన్ను విసుక్కునేవాళ్లు, ప్రతిదీ రెండుసార్లు అడుగుతానని. అడిగేవాణ్ణి. ఇప్పటికీ అడుగుతాను. మీరు చెవుల్లో దూది పెట్టుకోండి, ఎవరు నవ్వినా పెట్టుకోండి. సేటు మనుమరాలికి పెళ్లయింది. బజారులో కనపడితే నవ్వుతుంది, బాగున్నవా మామా అంటుంది. అరచెయ్యి మాత్రం ఆ రోజు తరువాత ఎప్పుడూ చాపలేదు.

ఇక ఆ ఆఫీసు గది. మాలిక్ నా మాట నమ్మలేదు. డ్రైవర్ మీద జాలితో కథ అల్లుతున్నాననుకున్నాడు. ఇంత మంచి జాబర్ చెవిటివాడెట్లా అవుతాడు అన్నాడు. నిన్న ఎదురుగా అడిగితే జవాబిచ్చావు కదా అన్నాడు. సేటు కూడా వచ్చి మూల నిలబడి ఉన్నాడు, ఆయన కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. వినపడుతుందో లేదో చూద్దాం అని మాలిక్ నా భుజాలు పట్టి నన్ను గోడ వైపు తిప్పాడు. సున్నం గోడ, దాని మీద మేకు, మేకుకు వేలాడే క్యాలెండర్. అవి తప్ప నాకేమీ లేవు.

నా వెనక నుంచి ఏదో మాట వచ్చింది. గుసగుసలా తోచింది. నన్ను తిట్టాడో, ఉద్యోగంలో ఉంటావా అని అడిగాడో, సేటే ఏదైనా అన్నాడో, ఈనాటికీ నాకు తెలియదు. తలుపు దగ్గరున్న నా బిడ్డ విన్నది. ఇన్నేళ్లలో నేను అడగని మాట అదొక్కటే, ఆమె కూడా చెప్పలేదు. మాట ఆగింది. జవాబు కోసం గదిలో అందరూ చూస్తున్నారని వీపుకు తెలుస్తోంది. ఇరవై రెండేళ్ల అలవాటుకు నా మెడ దానంతటదే కదలబోయింది.

గోడకు రెండు అరచేతులూ ఆనించి, తల ఊపకుండా నిలబడ్డాను.